ఒక్క అడుగు వెనక్కి

శ్రోతలకు నమస్కారం.

రెండేళ్ల కిందట మే నెలలో కాలిఫోర్నియాలో మా అబ్బాయి దగ్గర ఉన్నాను. వాళ్లుండేది సన్నీవేల్‌లో. పిల్లల దగ్గరికి వెళ్లిన పెద్దవాళ్లకి అక్కడ పొద్దు గడవడం ఎంత కష్టమో వెళ్లొచ్చిన వాళ్లకు చెప్పక్కర్లేదు. పొద్దున ఒక నడక, సాయంత్రం ఒక నడక, అంతే. ఆ నడకలోనే ఒక పెద్దాయన పరిచయమయ్యాడు. బడిపంతులుగా చేసి రిటైరైన మనిషి. ఒకరోజు, "ఎనిమిదో తారీకు సాయంత్రం మా ఇంటికి రండి, టేపు వింటాం" అన్నాడు. పాటలు వింటాం అనలేదు, టేపు వింటాం అన్నాడు. ఆ మాట దగ్గరే నాకు కుతూహలం పుట్టింది.

వెళ్లాను. కారు షెడ్డులో కుర్చీలు వేశారు. గోడ పొడుగునా చెప్పుల పెట్టెలు, వాటినిండా క్యాసెట్లు. తీసి చూస్తే ఒక్కదాని మీదా పాట పేరు లేదు. తేదీ, ఊరు, అంతే. ఆ సాయంత్రం వినబోయే దాని మీద ఐదు, ఎనిమిది, డెబ్భై ఏడు అని రాసి ఉంది. నేను ఆగస్టు ఐదు అనుకున్నాను. అమెరికావాళ్లు నెల ముందు రాస్తారని మా అబ్బాయి ఎన్నిసార్లు చెప్పినా నాకు పట్టుబడదు. అది మే 8, 1977. అదే తేదీ నాడు ఆ టేపు వినడం ఆ ఇంట్లో ఏటా జరిగే పని. మన ఇళ్లల్లో తిథి గుర్తుపెట్టుకున్నట్టు వాళ్లకు ఆ తేదీ గుర్తు.

ఆ టేపులో ఉన్నది ఒక రాక్ సంగీత బృందం కచేరీ. ఆ బృందం పేరు గ్రేట్‌ఫుల్ డెడ్. ఇవాళ మన పిల్లలు వేలల్లో ఉద్యోగాలు చేస్తున్న ఆ చుట్టుపక్కల ఊళ్లలోనే పుట్టింది. 1965 మే నెలలో మెన్లో పార్క్‌లోని ఒక పిజ్జా దుకాణంలో, అప్పటికి ఇంకో పేరుతో, తొలిసారి వాయించారు. గిటార్ మీద జెర్రీ గార్సియా, రెండో గిటార్ బాబ్ వియర్, కొద్ది రోజులకే బేస్ గిటార్ పట్టుకుని వచ్చి చేరిన ఫిల్ లెష్. 1995 ఆగస్టులో గార్సియా పోయేదాకా, ముప్పై ఏళ్లలో, దాదాపు 2,300 కచేరీలు చేశారు. ఏ రాత్రి ఏ పాట తర్వాత ఏ పాటో ముందుగా రాసుకునే అలవాటు వాళ్లకు లేదు. నిన్నటి వరస ఇవాళ ఉండదు. ఒక పాట పూర్తికాకుండానే ఇంకో పాటలోకి జారిపోతారు. ఆ జారడం కోసమే జనం వచ్చేవారు.

ఇది మనకు కొత్తేం కాదు. పద్యనాటకాల రోజుల్లో ఒకే నటుడి ఒకే పద్యాన్ని తెనాలిలో విని, మళ్లీ బెజవాడలో విని, "ఆ రాత్రి రాగం తీసిన తీరు వేరయ్యా" అని పదేళ్ల తర్వాత కూడా వాదించుకునేవాళ్లు. కచేరీలో రసికుడు ఎదురుచూసేది పల్లవి కోసం కాదుగా, ఆ పూట మనోధర్మం ఎటు పోతుందోనని. ఈ బృందానికి 'డార్క్ స్టార్' అని ఒక పాట ఉంది. 1968లో రికార్డుగా వచ్చిన స్టూడియో పాట మూడు నిమిషాలు కూడా లేదు. అదే పాట వేదిక ఎక్కితే ఇరవై నిమిషాలు, ముప్పై నిమిషాలు, ఒక్కొక్క రాత్రి అంతకు మించి కూడా సాగేది. మరి దుకాణంలో కొన్న రికార్డు చాలుతుందా? చాలదు. అందుకే టేపు.

మొదట్లో ప్రేక్షకులు టేప్‌రికార్డర్లు కోట్లలో, సంచుల్లో దాచుకుని లోపలికి తెచ్చేవారు. ఏ సంగీత సంస్థయినా దాన్ని దొంగతనం అంటుంది. వీళ్లు చూసీ చూడనట్టు ఊరుకున్నారు. మేము వాయించేశాక ఆ స్వరాలతో మాకు పనేముంది, కావలసిన వాళ్లు పట్టుకుపోనీ అన్నది గార్సియా ధోరణి. 1984 అక్టోబరు నుంచి ఏకంగా రికార్డు చేసుకునే వాళ్లకోసం విడిగా టిక్కెట్లు, వేదిక మీది మైకుల ధ్వనులన్నీ కలిపే సౌండ్ మిక్సర్ వెనకాల విడిగా చోటు. పొడుగాటి కర్రలకు మైకులు కట్టి నిలబెడితే, హాలు మధ్య చెరుకుతోట మొలిచినట్టుండేదట. ఆ తోటలో నిలబడ్డవాళ్లు గట్టిగా మాట్లాడకూడదు, ఈల వెయ్యకూడదు. పక్కవాడు వేస్తే "ఉష్" అంటారు. కొంతమందికి వీళ్లంటే మంట, ఆడి పాడే చోట ఈ మౌనవ్రతమేమిటని.

షరతు ఒక్కటే. అమ్మకూడదు. టేపు కావాలంటే నీ దగ్గరున్న టేపు ఇవ్వు. నీ దగ్గరేమీ లేదా, ఖాళీ క్యాసెట్లూ తిరుగు పోస్టేజీ పంపు, కాపీ చేసి పంపుతాను. మన ఊళ్లలో 1980లలో రికార్డింగ్ సెంటర్లుండేవి, గుర్తుందా? చీటీ మీద పాటల పేర్లు రాసి, సోనీ నైంటీ క్యాసెట్ ఇచ్చి, రెండ్రోజుల తర్వాత రమ్మంటే వెళ్లేవాళ్లం. అక్కడ డబ్బులిచ్చాం. వీళ్లలో డబ్బు ఊసే లేదు, ఉత్తరం ముక్క మాత్రం ఉండేది. కాపీకి కాపీ తీస్తూ పోతే ప్రతిసారీ బుస పెరుగుతుంది. బుసని బట్టి ఇది ఎన్నో చేతి టేపో చెప్పగలిగినవాళ్లు ఆ షెడ్డులో ఇద్దరున్నారు. పైగా నైంటీ క్యాసెట్‌కి ఒక పక్క నలభై ఐదు నిమిషాలే. పాట మంచి పట్టుమీదుండగా టేపు అయిపోతుంది. రికార్డు చేసేవాడు తిప్పి వేసేలోపు కొన్ని సెకన్లు గల్లంతు. ఆ గల్లంతు కూడా కాపీ నుంచి కాపీకి వెళ్లింది. ముప్పై ఏళ్లు ఆ క్యాసెట్టే విన్న ఒకావిడ, పూర్తి రికార్డింగు దొరికాక కూడా ఆ చోటికి రాగానే తన మనసు ఒక్క క్షణం ఆగుతుందని చెప్పింది.

ఇక ఆ రాత్రి టేపు సంగతి. ఊరు న్యూయార్క్ రాష్ట్రంలోని ఇథాకా. కార్నెల్ విశ్వవిద్యాలయంలో బార్టన్ హాల్. మే నెలలో ఆ రాత్రి మంచు కురిసింది. బృందంతోనే ఉండి సౌండ్ చూసిన బెట్టీ క్యాంటర్-జాక్సన్ అనే ఆమె మిక్సర్ దగ్గర్నుంచి నేరుగా ఈ కచేరీని రికార్డు చేసింది. ఆమె పట్టిన టేపుల కథ వింటే కడుపు తరుక్కుపోతుంది. అద్దె గదిలో దాచిన పెట్టెలు, అద్దె కట్టలేకపోతే 1980ల నడుమ వేలానికి వెళ్లాయి. చేజిక్కించుకున్నవాళ్లు కాపీలు తీసి అందరికీ పంచారు. మిక్సర్‌ని అక్కడ బోర్డు అంటారు, 'బెట్టీ బోర్డులు' అన్న పేరు అప్పటిదే. తన పేరు ప్రపంచమంతా తిరిగింది, టేపులు మాత్రం తన చేతిలో లేవు. అమెరికా పార్లమెంటు గ్రంథాలయం కాపాడి తీరవలసిన శబ్దాలని ఏటా ఒక జాబితా వేస్తుంది. 2011 సంవత్సరపు జాబితాలో ఈ కార్నెల్ కచేరీ చేరింది. అప్పటికి అది బజారులో అధికారికంగా అమ్మకానికి రానే లేదు! వచ్చింది 2017లో, నలభై ఏళ్లు నిండే వేళకు. అందరూ ఇచ్చిపుచ్చుకుని బతికించుకున్న దాన్నే ప్రభుత్వం చేరదీసిందన్నమాట.

షెడ్డులో మొదట వాదన జరిగింది. ఇదే రాత్రికి రెండు రకాల టేపులున్నాయి. ఒకటి బెట్టీ పట్టింది, రెండోది జనం మధ్య మైకు పెట్టి పట్టింది. ఇంటాయన రెండూ ఐదేసి నిమిషాలు వినిపించాడు. బెట్టీ టేపులో ప్రతి తీగా విడివిడిగా, చేత్తో తాకేంత దగ్గరగా ఉంది. కానీ చప్పట్లు ఎక్కడో పక్క వీధిలో వినబడుతున్నట్టున్నాయి. మిక్సర్‌లోకి వేదిక వస్తుంది, హాలు రాదు. రెండోదాంట్లో సంగీతం కొంచెం దూరం, మసక. అయితే హాలుంది. ఎవడో నవ్వుతాడు, ఎవరో ఎవర్నో పిలుస్తారు, పాట మొదటి రెండు స్వరాలు పడగానే ఇదీ ఆ పాటేనని పోల్చుకున్న వేలమంది అరుపు ఒక్కసారి లేస్తుంది. ఆ అరుపు కోసం నేనైతే మసకదానికే ఓటేస్తాను. నన్నెవరూ అడగలేదనుకోండి. మెజారిటీ బెట్టీకే పడింది.

వింటూ ఉంటే నాకొకటి తట్టింది. టేపులో లేని హాలుని వీళ్లే తెచ్చి ఇక్కడ కూర్చోబెడుతున్నారు. తొమ్మిదిమందిమి ఉన్నాం. చప్పట్లు పల్చగా ఉన్నచోట వీళ్లు కొడుతున్నారు. తీగ తప్పినచోట కలిసి "అయ్యో" అంటున్నారు. మంచి మలుపు రాబోతోందని తెలిసి ముందే ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. ఒక్కడే చెవుల్లో పెట్టుకుని వింటే ఆ టేపు సగమే. మా చిన్నప్పుడు పంచాయతీ ఆఫీసు రేడియో కింద అరుగుమీద కూర్చుని విన్నవాళ్లకు ఈ సంగతి విడమరచి చెప్పక్కర్లేదు.

వాళ్లు ఈ పని రేడియోలో కూడా చేశారు. డేవిడ్ గాన్స్ అనే ఆయన శాన్ ఫ్రాన్సిస్కో రేడియోలో 1985 నుంచి ఒక గంట కార్యక్రమం నడిపాడు, పాత కచేరీల టేపులతోనే. టేపులు పోగేసుకున్న అభిమాని డిక్ లాట్వాలాని బృందమే పిలిచి తమ భాండాగారం తాళాలిచ్చింది. ఆయన ఏరిన కచేరీలు 1993 నుంచి వరసగా వెలువడ్డాయి. ఆయన 1999లో పోయాక కూడా ఆ వరస ఆయన పేరుతోనే సాగి, 36 సంపుటాల దగ్గర 2005లో ఆగింది. అదే 2005 నవంబరులో ఇంకో ముచ్చట. ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఉచిత భాండాగారంలో వేలకొద్దీ టేపులుండేవి. బృందం తరఫువాళ్లు ఉన్నట్టుండి వాటి డౌన్‌లోడ్లు ఆపించారు. అభిమానులు మండిపడ్డారు, ఇక మీ సరుకు కొనమన్నారు. కొద్ది రోజుల్లోనే రాజీ. జనం పట్టిన టేపులు మళ్లీ ఎవరైనా దించుకోవచ్చు, మిక్సర్ టేపులు అక్కడే విని వదిలెయ్యాలి. హాలు జనానిది, వేదిక మాది అన్నట్టుంది ఆ తీర్పు. కరోనా నాళ్లలో, 2020లో, ఇళ్లలో ఇరుక్కున్నవాళ్లంతా వారానికోసారి ఒకే వేళకు ఒకే పాత కచేరీ చూశారు. ఇదే కోవకు చెందిన ఫిష్ అనే బృందమైతే కచేరీతో పాటు ఒక వంట కూడా చెప్పేది, అందరూ అదే వండుకుని తినడానికి.

నా సంగతికొస్తాను. మొదటి గంట నేను అతిథినే. ఇంగ్లీషు మాటలు సగం అందలేదు, గిటార్ మలుపులు నాకు తెలిసినవి కావు. రెండో భాగం మొదలవుతూనే పాట రాలేదు, మాట వచ్చింది. ముందు వరసలో జనం నలిగిపోతున్నారు, అందరూ ఒక్క అడుగు వెనక్కి వెయ్యండని బాబ్ వియర్ బతిమాలుతున్నాడు. షెడ్డులో తొమ్మిది కుర్చీలూ కిర్రుమంటూ వెనక్కి జరిగాయి. ఎవరూ నవ్వలేదు. నలభై ఏళ్లు దాటిన తొక్కిసలాట అది. నేనూ జరిపాను.

తర్వాత ఒక పాటలో ఉన్నట్టుండి నా చెయ్యి తొడ మీద తాళం వేస్తోంది. లెక్క చూసుకుంటే ఏడు. మన మిశ్రచాపు! పక్కాయన నా చెయ్యి చూసి, తనూ వెయ్యబోయి, రెండుసార్లు తప్పి, మూడోసారికి అందుకున్నాడు. ఆ బృందంలో ఇద్దరు డ్రమ్మర్లు. వాళ్లలో మికీ హార్ట్ అనే ఆయన తబలా ఉస్తాద్ అల్లా రఖా దగ్గర లయపాఠాలు నేర్చుకున్నవాడు. అల్లా రఖా కొడుకు జాకిర్ హుస్సేన్‌తో కలిసి 1976లో తాళవాద్యాల బృందం కట్టి రికార్డు తెచ్చాడు. తర్వాత వాళ్లిద్దరూ కలిసి చేసిన 'ప్లానెట్ డ్రమ్'లో మన విక్కు వినాయక్‌రామ్ ఘటం కూడా ఉంది. ఇదంతా ఆ పక్కాయనే చెప్పాడు. మన సంగతి మనకి ఇంకొకళ్లు చెబితే తెలియడం నాకు అలవాటే.

కచేరీ చివర శనివారం రాత్రి మీద ఒక పాట పాడారు. మే 8, 1977 ఆదివారం. ఈ మాట అనడానికి ఏటా ఒకరు సిద్ధంగా ఉంటారట, ఆ ఏడు వంతు ఒక ఇరవై ఏళ్ల అమ్మాయిది. తండ్రి వెంట వచ్చింది. బృందం ఆఖరి కచేరీ నాటికి పుట్టనైనా పుట్టలేదు.

లేస్తుంటే ఇంటాయన, "రేపు కూడా రండి, బఫెలో" అన్నాడు. ఆ 1977 యాత్రలో మే 9 రాత్రి బఫెలో ఊళ్లో వాయించారు. కార్నెల్ కన్నా బఫెలోయే గొప్పదని వాదించేవాళ్లు ఒక జట్టున్నారు, వాళ్లు ఆ రాత్రి కోసం కాచుక్కూర్చుంటారు.

మర్నాడు వెళ్లాను, మా ఆవిడ చేసిన చేగోడీలు డబ్బానిండా పట్టుకుని. ఆయన మూత తీసి, వాసన చూసి, ఒకటి విరిచాడు. ఆ చప్పుడు షెడ్డంతా వినబడింది. వెనకనుంచి ఇద్దరు "ఉష్" అన్నారు. డబ్బా మూతపెట్టి, ఇంటర్వెల్ దాకా ఆగమని నాకు సైగ చేశాడు.

నమస్కారం.