తక్కువ ధరలో పొగ రుచి: టీచర్స్ హైలాండ్ క్రీమ్

[తెరపై: సీసా, తులిప్ ఆకారపు చిన్న గ్లాసు, పక్కన మంచినీళ్లు]

నమస్కారం. పొగ రుచి ఉన్న స్కాచ్ అనగానే చాలామందికి స్కాట్లండ్‌లోని ఐలా దీవి, అక్కడి ఖరీదైన సింగిల్ మాల్టులు, అంటే ఒకే డిస్టిలరీలో మొలకెత్తించిన బార్లీతో (మాల్టుతో) మాత్రమే చేసే విస్కీలు గుర్తుకు వస్తాయి. ఆ పొగను తక్కువ ఖర్చుతో తెలుసుకోవాలనుకునేవారు, మన దుకాణాల్లోనూ కనిపించే టీచర్స్ హైలాండ్ క్రీమ్‌తో మొదలుపెట్టాలని నేను గట్టిగా చెబుతాను.

ఇది మాల్టు విస్కీలను, ప్రధానంగా ఇతర ధాన్యాలతో చేసే గ్రెయిన్ విస్కీలను కలిపి తయారుచేసిన బ్లెండ్. పొగ వచ్చేది మాల్టు నుంచే. 1830లో గ్లాస్గోలో వ్యాపారం మొదలుపెట్టిన విలియం టీచర్ కుమారుడు ఆడమ్, తమ బ్లెండ్‌కు మాల్టు కొరత రాకూడదని 1898లో అబర్డీన్‌షైర్‌లోని కెన్నెత్‌మాంట్ దగ్గర ఆర్డ్‌మోర్ డిస్టిలరీని కట్టించాడు. ఈ బ్లెండ్‌కు నేటికీ ఆధారం ఆ డిస్టిలరీయే.

[తెరపై: కాలుతున్న పీట్, పైన ఆరుతున్న బార్లీ]

మొలకెత్తిన బార్లీ ఇంకా తడిగా ఉండగానే దాని కింద పీట్‌ను, అంటే చిత్తడి నేలల్లో వేల ఏళ్లపాటు పేరుకుని సగం కుళ్లిన నాచును, మొక్కలను తవ్వి ఎండబెట్టిన ఇంధనాన్ని కాలుస్తారు. ఆ పొగలోని ఫినాల్స్ అనే వాసన పదార్థాలు గింజకు పట్టుకుని, బట్టీ పట్టేటప్పుడు కొంత పోగా మిగిలినవి, ఓక్ పీపాల్లో గడిపే ఏళ్లను కూడా దాటి మన గ్లాసు వరకు వస్తాయి. ఐలా విస్కీలలో తరచూ తగిలే సముద్రపు నాచు, అయోడిన్ ఘాటు ఆర్డ్‌మోర్‌లో ఉండదు. దీనిది పొడి పొగ. మట్టి వాసన, కట్టె వాసన కలిసిన పొగ.

రంగును బట్టి ఏమీ తేల్చకండి, స్కాచ్‌లో కారమెల్ రంగు కలపడానికి చట్టం అనుమతిస్తుంది.

30 మిల్లీలీటర్లు పోసి, కొన్ని నిమిషాలు ఆగి, గ్లాసును ముక్కుకు కాస్త దూరంగా ఉంచి, నోరు కొద్దిగా తెరిచి వాసన చూడండి. ముందు తేనె, యాపిల్ వంటి తీపి వాసనలు, వాటి వెనుక బొగ్గుల మీద కాల్చిన మొక్కజొన్న పొత్తును తలపించే పొగ తెలుస్తాయి. మొదటి గుక్కతో నాలుక ఆల్కహాల్‌కు అలవాటు పడుతుంది కాబట్టి, తీర్పు రెండో గుక్కకు ఇవ్వాలి. మాల్టు తీపి, మిరియపు ఘాటు, ఆపైన పొగ వస్తాయి. సీసాపై వయసు, అంటే పీపాలో గడిపిన ఏళ్ల సంఖ్య లేదు, చట్టం అడిగే కనీస వయసు 3 ఏళ్లే. అందుకే అంచుల్లో కొంత గరుకుదనం ఉంటుంది, గొంతు దిగాక రుచి ఎక్కువసేపు నిలవదు. ఈ ధరకు నాకది పెద్ద లోపంగా తోచదు.

[తెరపై: చుక్కలుగా పడుతున్న నీళ్లు]

మన దగ్గర గ్లాసు నిండా ఐసు, పైన సోడా పోయడం అలవాటు. చల్లదనం వాసనలను అణిచివేస్తుంది, కాబట్టి రుచి చూసేటప్పుడైనా దానిని పక్కన పెట్టండి. 2017లో స్వీడన్ పరిశోధకులు కంప్యూటర్ నమూనాలతో పరిశీలించినప్పుడు, ఆల్కహాల్ 45 శాతం లోపు ఉన్నప్పుడు పొగ వాసననిచ్చే గ్వయాకోల్ ద్రవం ఉపరితలం దగ్గరే చేరుతుందని తేలింది. మన దేశంలో సీసాకెత్తే టీచర్స్ 42.8 శాతమే కనుక, కొన్ని చుక్కల నీళ్లు చాలు.

వీలైతే పక్కనే కొంచెం జానీ వాకర్ బ్లాక్ లేబుల్ పోసి చూడండి. అది 12 ఏళ్ల బ్లెండ్, మరింత నునుపు, ఖరీదూ ఎక్కువే. అందులోని పొగ ఐలా నుంచి వచ్చినది. నునుపు కావాలంటే నేను బ్లాక్ లేబుల్ తీసుకుంటాను, పొగలోని మట్టి వాసన కావాలంటే టీచర్స్‌నే ఎంచుకుంటాను.