సున్నపురాయి క్వారీలు: పూడ్చాలా, ఉంచాలా?

వ్యాఖ్యాత: నమస్కారం. విజయనగరం స్టూడియోలో ఈరోజు చర్చ రాజమండ్రి పక్క కాతేరు, గోదావరి అవతల పంగిడి ప్రాంతాల పాత సున్నపురాయి క్వారీల మీద. మాస్టారూ, ఇక్కడ కూర్చుని వాటి గురించి మనకెందుకు?

భూగర్భశాస్త్ర అధ్యాపకుడు: మన కొండల్లో శిలాజాలు ఉండవండి, అందుకు. మనవి ఖొండలైటు, చార్నొకైటు. భూమి లోతుల్లో వేడికీ ఒత్తిడికీ రూపమే మారిపోయిన రాళ్లు. వాటిలో గవ్వ ఆనవాలు మిగలదు. మా విద్యార్థులకి చూపించాలంటే గోదావరి దాకా పోవాల్సిందే.

వ్యాఖ్యాత: అక్కడ ఏం కనబడుతుంది?

అధ్యాపకుడు: క్వారీ గోడ చూడాలి. కింద నల్లరాయి, పైన నల్లరాయి. రెండూ లావాయే, పశ్చిమ కనుమల వైపు నుంచి సుమారు వెయ్యి కిలోమీటర్లు పారి వచ్చిందని అంచనా. ఆ రెండిటి నడుమ సున్నపురాయి పొర. ఒక లావాకీ ఇంకో లావాకీ మధ్య సముద్రం వచ్చిపోయిన గుర్తు అది. దాదాపు 6.6 కోట్ల ఏళ్ల నాటిది, డైనోసార్లు అంతరించిన కాలం! భూగర్భ శాస్త్రవేత్త గెర్టా కెల్లర్ బృందం ఆ పొరలోని సూక్ష్మజీవుల గుల్లలు పరిశీలించి 2008లో ప్రచురించింది. అవి డైనోసార్లు పోయిన ఆ మహావినాశనం తర్వాత పుట్టిన జాతులు. అంటే కింది లావా ఆగిందీ, వినాశనం జరిగిందీ ఇంచుమించు ఒకే కాలమని వాళ్ల వాదన. డైనోసార్లు ఎందుకు పోయాయన్న ఇంత పెద్ద ప్రశ్నకి మన రాష్ట్రపు రాయి సాక్ష్యం చెప్పింది.

మాజీ క్వారీ మేస్త్రీ: వయసులో నేనటు పనికెళ్లినానండి. రాయి పగిలితే మరమేకులాగ మెలికలు తిరిగిన గవ్వలుండేవి. అన్నీ బట్టీకే పంపీసినాం. అదేటో ఎవులూ సెప్పనేదు.

అధ్యాపకుడు: టరిటెల్లా అండి, సముద్రపు నత్త.

వ్యాఖ్యాత: వాడకం లేని గోతుల్లో నీళ్లు నిలిస్తే పిల్లలకి ప్రమాదం. పూడ్చేయమంటారు కదా?

మేస్త్రీ: నిజమేనండి. నీటి గొయ్యి అలాగ ఒగ్గీడం పాపం.

అధ్యాపకుడు: గొయ్యి పూడ్చండి, ఒక్క గోడ వదలండి. మూడు పొరలూ కనబడే ఇరవై అడుగులు చాలు. కంచె, బోర్డు పెట్టాలి. చూడ్డానికొచ్చినవాళ్లు రాలిన ముక్కలే ఏరుకోవాలి, గోడకి సుత్తి తగలకూడదు. చెత్త లారీలు మొదలయ్యాయంటే మాత్రం ఇక ఆ పొర మొహం ఎవరూ చూడలేరు.

వ్యాఖ్యాత: మన జిల్లాలో?

అధ్యాపకుడు: గరివిడి, చీపురుపల్లి వైపు మాంగనీసు గోతులున్నాయి. అక్కడి కోడూరు గని పేరు మీదే బ్రిటిష్ కాలపు భూగర్భ శాస్త్రవేత్త ఫెర్మర్ ఒక రాతికి కోడూరైటు అని పేరు పెట్టాడు. ఆ మాట దేశదేశాల భూగర్భశాస్త్రం పుస్తకాలకి ఎక్కింది. మన బడి పిల్లలకీ తెలియాలి కదండీ.

మేస్త్రీ: ఆ గనుల్లో పనిసేసినోళ్లు ఇంకా ఉన్నారు బాబూ. ఏ రాయి ఎక్కడ తగిలిందో ముందు ఆళ్లని అడగండి.