ఆ భూమి ఖాళీగా లేదు

(న్యాయశాస్త్ర విద్యార్థుల సదస్సులో చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, ఎదురుగా కూర్చున్న విద్యార్థులకు నమస్కారం. నన్ను పరిచయం చేసిన మిత్రులు చాలా మంచి మాటలు చెప్పారు. వారికి కృతజ్ఞతలు చెప్పి నేరుగా విషయంలోకి వస్తాను. సమయం తక్కువ, చెప్పవలసింది ఎక్కువ.

నాకిచ్చిన అంశం ‘వాతావరణ మార్పును ఎదుర్కోవడంలో, జీవవైవిధ్యాన్ని కాపాడటంలో చట్టం పాత్ర’. పద్ధతి ప్రకారం 1992 నాటి రియో సదస్సుతో మొదలుపెట్టాలి. వాతావరణ ఒప్పందం, జీవవైవిధ్య ఒప్పందం రెండూ ఆ జూన్‌లో ఒకే చోట సంతకాలకు వచ్చాయి. ఆ తర్వాత ఒకదాని కార్యాలయం బాన్‌లో, ఇంకొకదానిది మాంట్రియల్‌లో ఏర్పడ్డాయి. ఒకే కడుపున పుట్టి వేర్వేరు ఇళ్లకు దత్తత వెళ్లిన పిల్లల్లా పెరిగాయి. ఒకటి 2015లో పారిస్ ఒప్పందం దాకా వచ్చింది. రెండోది 2022లో, 2030 నాటికి భూమిలో, సముద్రంలో 30 శాతాన్ని కాపాడాలన్న లక్ష్యం దాకా వచ్చింది. ఇదంతా మీ పాఠ్యపుస్తకాల్లో ఉంది. అందుకే నేను ఇవాళ ఒక పిట్ట గురించి మాట్లాడతాను.

బట్టమేక పిట్ట. మీటరు ఎత్తుంటుంది. మగది 15 కిలోల దాకా తూగుతుంది. ఎగరగలిగే పక్షుల్లో ఇంత బరువైనవి ప్రపంచంలో కొన్నే ఉన్నాయి. చెట్టెక్కదు, గూడు కట్టదు. ఆడది సాధారణంగా ఏడాదికి ఒకే గుడ్డు, అదీ నేల మీదే పెడుతుంది. దీన్ని జాతీయ పక్షిగా ప్రకటించాలని పక్షి శాస్త్రవేత్త సలీం అలీ గట్టిగా కోరారు. 1963లో ఆ గౌరవం నెమలికి దక్కింది. నెమలి మీద నాకు కోపం లేదు. కానీ ఆనాడు ఆయన మాట విని ఉంటే ఈ పక్షికి, ఇది బతికే గడ్డినేలకు ఎంత రక్షణ దొరికేదో అని నేను తరచూ అనుకుంటాను.

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. అందులో మొదటి షెడ్యూలులో, అంటే పులితో సమానమైన రక్షణలో, బట్టమేకను పెట్టారు. దానికోసం అభయారణ్యాలు వచ్చాయి. మన కర్నూలు ప్రాంతంలోని రోళ్ళపాడు అభయారణ్యం 1988లో ఏర్పడింది. అయినా ఇప్పుడు దేశం మొత్తం మీద మిగిలినవి 150 లోపే. వాటిలో దాదాపు అన్నీ రాజస్థాన్‌లోని జైసల్మేర్ చుట్టుపక్కలే. షెడ్యూలు ఉంది, అభయారణ్యం ఉంది, శిక్షలున్నాయి. పిట్ట మాత్రం పోతోంది. చట్టం చదువుకునేవాళ్లు ఇక్కడ ఆగి, ఎందుకని అడగాలి.

అభయారణ్యాలు గీసిన తీరే చూడండి. మహారాష్ట్రలోని నాన్నజ్ దగ్గర బట్టమేక అభయారణ్యాన్ని 1979లో 8,496 చదరపు కిలోమీటర్లకు ప్రకటించారు. ఊళ్లు, పట్టణాలు, పొలాలు అన్నీ అందులో పడ్డాయి. తర్వాత దాన్ని 1,222కు కుదించాల్సి వచ్చింది. మన రోళ్ళపాడు సుమారు ఆరు చదరపు కిలోమీటర్లు. ఒకచోట గీత జిల్లాలను మింగింది, ఇంకోచోట పిట్ట ఒక్కసారి ఎగిరితే దాటిపోయేంత గీశారు. పిట్ట ఎక్కడ మేస్తుంది, ఎక్కడ గుడ్డు పెడుతుంది, ఏ కాలంలో ఎటు పోతుంది అన్నవి చూసుకుని గీసిన గీతలు కావవి.

మధ్యప్రదేశ్‌లోని కరేరా కథ ఇంకా బాధాకరం. 1981లో బట్టమేక కోసమే అక్కడ అభయారణ్యం ప్రకటించారు. పరిధిలోకి వచ్చిన వాటిలో రైతుల సొంత భూములున్నాయి. వాళ్లు వాటిని అమ్ముకోవడానికి వీల్లేకుండా పోయింది. కూతురి పెళ్లికి ఎకరం అమ్ముకోలేని రైతుకు ఆ పిట్ట మీద ప్రేమ ఎలా ఉంటుంది? 1990ల నాటికి బట్టమేక అక్కడ కనుమరుగైంది. ఆంక్షలు మాత్రం అలాగే ఉండిపోయాయి. పిట్ట లేని అభయారణ్యాన్ని చివరికి 2022లో రద్దు చేశారు. చట్టం రైతునూ ఏడిపించింది, పిట్టనూ కాపాడలేదు. దయచేసి ఈ ఒక్క ఉదాహరణ రాసుకోండి. ప్రకృతిని కాపాడే చట్టాలను నేను ఇంత గట్టిగా సమర్థిస్తాను కాబట్టే, మనుషుల్ని పక్కన పెట్టి రాసిన చట్టం ఎలా విఫలమవుతుందో చెప్పడం నా బాధ్యత.

ఇప్పుడు జైసల్మేర్‌కు వద్దాం. అక్కడ ఎండ పుష్కలం, గాలి పుష్కలం. బొగ్గు మానాలంటే సౌర విద్యుత్తు కావాలి, పవన విద్యుత్తు కావాలి. 2030 నాటికి 500 గిగావాట్ల శిలాజేతర విద్యుత్ సామర్థ్యం మన దేశం పెట్టుకున్న లక్ష్యం. అది నెరవేరాలని నేను మనసారా కోరుకుంటున్నాను. కానీ ఆ విద్యుత్తు తీగల మీదే ప్రయాణించాలి. బట్టమేక కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి, ముందున్నది సరిగా కనిపించదు. బరువైన పక్షి కాబట్టి తీగ దగ్గరికి వచ్చాక చప్పున పక్కకు తిరగలేదు. థార్ ఎడారిలో ఏడాదికి సుమారు 18 బట్టమేకలు తీగలకు తగిలి చనిపోతూ ఉండవచ్చని భారత వన్యప్రాణి సంస్థ అంచనా వేసింది. 150 లేని జాతిలో ఏడాదికి 18! మిగిలిన లెక్క మీరే వేయండి.

1972 చట్టం రూపకల్పనలో ముఖ్య పాత్ర వహించిన మాజీ ఐఏఎస్ అధికారి ఎం.కె. రంజిత్‌సింహ్ 2019లో సుప్రీంకోర్టు తలుపు తట్టారు. 2021 ఏప్రిల్ 19న కోర్టు, బట్టమేక తిరిగే సుమారు 99 వేల చదరపు కిలోమీటర్లలో సాధ్యమైన చోటల్లా తీగలను భూగర్భంలోకి మార్చమంది. అంత విస్తీర్ణంలో అది సాంకేతికంగా కుదరదని, ఖర్చు భరించలేనిదని, వాతావరణ లక్ష్యాలు దెబ్బతింటాయని ప్రభుత్వం మళ్లీ కోర్టుకు వెళ్లింది. 2024 మార్చి 21న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం పాత ఆదేశాన్ని సవరించి, ఏ తీగలను భూగర్భంలోకి మార్చడం సాధ్యమో తేల్చడానికి నిపుణుల కమిటీ వేసింది. ఆ తీర్పులోనే, వాతావరణ మార్పు దుష్ప్రభావాల నుంచి రక్షణ పొందే హక్కు రాజ్యాంగంలోని 14 (సమానత్వం), 21 (జీవించే హక్కు) అధికరణల్లో ఉందని చెప్పింది.

ఈ తీర్పు మీరు తప్పకుండా చదవాలి. వడదెబ్బకు కూలిపోయే కూలీకి, ఉప్పెనలో ఇల్లు పోగొట్టుకునే మత్స్యకారుడికి రేపు కోర్టు మెట్లెక్కడానికి అది దారి చూపుతుంది. అయితే ఆ హక్కు పుట్టిన సందర్భం మరచిపోకండి. పిట్టకు ఇచ్చిన రక్షణను తగ్గించే సందర్భంలో అది పుట్టింది. చదివిన ప్రతిసారీ నాకు సంతోషమూ బాధా కలిసే వస్తాయి. 2025 డిసెంబరులో మరో ధర్మాసనం కమిటీ సిఫార్సులను ఆమోదించి, రాజస్థాన్‌లో 14,013, గుజరాత్‌లో 740 చదరపు కిలోమీటర్లను పిట్ట రక్షణకు ప్రాధాన్య ప్రాంతాలుగా ఖరారు చేసింది. పిటిషన్ వేసింది 2019లో. ఈ ఆరేళ్లూ పిట్ట అదే ఆకాశంలో ఎగిరింది.

నేను న్యాయమూర్తులను తప్పుపట్టడం లేదు. భూములు కేటాయించి, స్తంభాలు నాటి, తీగలు లాగిన తర్వాత వచ్చిన వివాదంలో ఏ న్యాయమూర్తి మాత్రం ఏం చేయగలరు? నా ఫిర్యాదు అంతకు ముందటి దశ మీద. ‘ఇక్కడే ఎందుకు?’ అన్న ప్రశ్నను మన చట్టం అడగలేదు. 2006 పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ కింద సౌర ఫలకాల విద్యుత్ ప్రాజెక్టుకు ముందస్తు పర్యావరణ అనుమతి అక్కర్లేదు. అనుమతి అక్కర్లేదు కాబట్టి ఆ నోటిఫికేషన్ కింద జరగవలసిన మదింపూ లేదు, ప్రజాభిప్రాయ సేకరణా లేదు. పొగ రాదు కాబట్టి హాని లేదనుకున్నారు. వేల ఎకరాలు కంచె వేసే ప్రాజెక్టుకు పొగ ఒక్కటేనా కొలత?

ఒక సమావేశంలో ఒక అధికారితో ఈ మాటే అంటే ఆయన, ‘అక్కడ ఏముందండీ, గడ్డి తప్ప’ అన్నారు. చాలా ఏళ్లయింది, ఆ మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు. ఎందుకంటే అది ఆయన ఒక్కరి మాట కాదు, మన చట్టాల మాట. రాజ్యాంగం 48ఎ అధికరణ తీయండి. అడవులు, వన్యప్రాణులు ఉన్నాయి. 51ఎ(జి) తీయండి. అడవులు, సరస్సులు, నదులు, వన్యప్రాణులు ఉన్నాయి. గడ్డి మైదానం ఎక్కడా లేదు. రెవెన్యూ రికార్డులో అది బంజరు. ఉపగ్రహ చిత్రాలతో తయారయ్యే దేశ బంజరు భూముల పటంలోనూ పొదలున్న గడ్డినేలలు వచ్చి చేరతాయి. బంజరు అని రాసిన భూమిని ఎవరికైనా ఇవ్వవచ్చు.

సౌర ఫలకాలకు ఇవ్వకపోతే చెట్లు నాటడానికి ఇస్తారు. చెట్లు నాటించిన సంస్థలకు క్రెడిట్లు ఇచ్చే కేంద్ర ప్రభుత్వ గ్రీన్ క్రెడిట్ పథకం కింద 2024లో ఇచ్చిన నిబంధనల్లో పాడుబడ్డ అడవి భూములు, పొదల భూములు, బంజర్లలో హెక్టారుకు కనీసం 1,100 చెట్లు అన్నారు. గడ్డినేలలో 1,100 చెట్లు నాటితే బట్టమేక ఉండదు, కృష్ణజింక ఉండదు, తోడేలు ఉండదు, బట్టమేక కుటుంబానికే చెందిన నేల నెమలి ఉండదు. వాతావరణం పేరు చెప్పి చేసినా అది విధ్వంసమే. పైగా గడ్డి కూడా కర్బనాన్ని దాచుకుంటుంది, ఎక్కువగా వేళ్లలో, మట్టిలో. నిప్పు పడితే చెట్టులోని కర్బనం గాల్లో కలుస్తుంది, మట్టిలోనిది చాలావరకు అక్కడే ఉంటుంది.

ఆ భూమి ఖాళీగా లేదు. అక్కడ పిట్టలున్నాయి, జంతువులున్నాయి, మనుషులున్నారు. మీలో గొర్రెలు, మేకలు మేపిన కుటుంబాల నుంచి వచ్చినవాళ్లు ఒకసారి చేతులెత్తండి. చూశారా, ఎంతమందో! మీ తాతలు మేపిన భూమి రికార్డులో ఏమని రాసి ఉందో మీలో ఎవరైనా చూశారా?

జైసల్మేర్ పశుపోషకులు చూశారు. అక్కడ దేవుడి పేరిట తరతరాలుగా కాపాడుకున్న మేత భూములను ఓరణ్ అంటారు. రెవెన్యూ కాగితాల్లో చాలా ఓరణ్‌లు బంజర్లే. 2024 డిసెంబరు 18న సుప్రీంకోర్టు రాజస్థాన్ ప్రభుత్వాన్ని వాటిని గుర్తించి, సరిహద్దులు గీసి, అడవులుగా వర్గీకరించమంది. మంచి ఆదేశమే. గడ్డినేలకు రక్షణ కావాలంటే దాన్ని అడవి అనాల్సి రావడమే నాకు బాధ. గడ్డి మైదానానికి దాని సొంత పేరుతో చట్టంలో చోటుండాలి. పెద్ద సౌర, పవన ప్రాజెక్టులకు స్థలం ఎంపిక దశలోనే మదింపు, గ్రామసభలో చర్చ తప్పనిసరి కావాలి. ప్రాజెక్టులు ఆలస్యమవుతాయంటారు. ఆరేళ్లు కోర్టులో నడిచిన కేసు కంటే ఏడాది ముందు చేసిన సర్వే ఎక్కువ ఆలస్యమా?

అధ్యక్షులు చీటీ పంపారు, ముగించమని. ఒక్క మాట చెప్పి ఆపుతాను. కొత్త చట్టం వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోనవసరం లేదు. 2002 జీవవైవిధ్య చట్టం 41వ సెక్షన్ ప్రకారం ప్రతి స్థానిక సంస్థలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, అది ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్, అంటే ఊరి మొక్కలు, జీవాలు, వాటి గురించి స్థానికులకు తెలిసినవి రాసిపెట్టే పుస్తకం, తయారు చేయాలి. 37వ సెక్షన్ కింద స్థానిక సంస్థలతో సంప్రదించి రాష్ట్ర ప్రభుత్వం జీవవైవిధ్య వారసత్వ స్థలాలను ప్రకటించవచ్చు. అడవి అయి ఉండాలన్న షరతు అందులో లేదు. ఈ సెలవుల్లో మీ పంచాయతీకి వెళ్లి ఆ రిజిస్టర్ చూపించమనండి. ఊరి మేత భూమి అందులో ఉందో లేదో చూడండి. లేకపోతే గొర్రెల కాపరులను కూర్చోబెట్టుకుని, అక్కడ ఏ గడ్డి మొలుస్తుందో, ఏ పిట్ట గుడ్డు పెడుతుందో, ఏ నెలలో మందలు వస్తాయో రాసి, చేర్చమని కమిటీకి అర్జీ ఇవ్వండి. అర్జీ నమూనా తెలుగులో రాసి తెచ్చాను. బయట బల్ల మీద ఉంది, వెళ్లేటప్పుడు తలా ఒకటి తీసుకోండి.