మీ ఊళ్లో ఎక్కడ తింటే బావుంటుంది?

శ్రోతలకు నమస్కారం.

ఊరికి ఎవరైనా వస్తున్నారంటే ముందుగా ఒక ఫోన్ వస్తుంది. "రేపు పొద్దున మీ ఊళ్లో దిగుతున్నాం, రాత్రికి వెళ్లిపోతాం. మధ్యలో ఎక్కడ తింటే బావుంటుంది?" ఈ ప్రశ్నకి తడుముకునే మనిషిని నేనింతవరకూ చూడలేదు. దారి అడిగితే కాస్త ఆలోచిస్తాం. మంచి డాక్టర్ ఎవరని అడిగితే ఇంట్లోవాళ్లని కనుక్కుని చెప్తామంటాం. హోటల్ అడిగితే మాత్రం అవతలివాళ్ల మాట పూర్తి కాకుండానే పేరు చెప్పేస్తాం. అంతటితో ఊరుకోం. "నా పేరు చెప్పండి, బాగా చూసుకుంటారు" అని కూడా అంటాం. అక్కడివాళ్లకి మన పేరు తెలుసో లేదో వేరే సంగతి.

హోటల్ అని నేనంటున్నది తినే చోటుని. బస చేసే చోటు సంగతి ఇవాళ ఎత్తుకోను, దాని తిప్పలు వేరు.

ఇలా తడుముకోకుండా చెప్పి నేనొకసారి నాలుక కరుచుకున్నాను. ఒక స్నేహితుడు వాళ్లమ్మగారితో మా ఊరు వస్తున్నానని ఫోన్ చేశాడు. చదువుకునే రోజుల్లో మేం నెలకోసారి డబ్బులు కూడబెట్టుకుని వెళ్లిన హోటల్ ఒకటుంది. వెంటనే దాని పేరు చెప్పాను. అది మేడ మీద ఉంటుంది. మెట్లు నిటారుగా ఉంటాయి, లిఫ్ట్ లేదు. ఇరవై ఏళ్ల వయసులో మెట్లు ఎవరికి గుర్తుంటాయి? ఆవిడకేమో మోకాళ్ల నొప్పులు. నెమ్మదిగా పైకి చేరేసరికి టేబుల్ ఖాళీ లేదు, ముప్పావుగంట నిలబడ్డారు. వంటమనిషి ఎప్పుడో మారిపోయాడట. సాయంత్రం ఫోన్ చేసి ఎలా ఉందని అడిగితే, "బానే ఉంది" అన్నాడు. తెలుగువాళ్లు "బానే ఉంది" అన్నారంటే ఇంక వివరాలు అడక్కూడదు.

నేను చెప్పింది అబద్ధం కాదు. ఆ హోటల్ నిజంగానే బావుండేది. కాకపోతే వాడు అడిగింది వాళ్లిద్దరూ ఆ రోజు ఎక్కడ తినాలని. నేను చెప్పింది, నేను ఇరవై ఏళ్ల వయసులో ఎక్కడ సంతోషంగా ఉన్నానో. మనం చెప్పే చాలా సిఫార్సులు ఇలాంటివే. హోటల్ పేరుతో మన జ్ఞాపకాన్ని వాళ్ల చేతిలో పెడతాం. వాళ్లకి ఆ జ్ఞాపకం లేదు కాబట్టి అక్కడ బల్లలు, కుర్చీలు, బిల్లు మాత్రమే కనిపిస్తాయి.

దీనికి మనసు వైపు నుంచి ఒక కారణం ఉంది. 1968లో రాబర్ట్ జాయన్స్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త కొన్ని ప్రయోగాలు ప్రచురించాడు. అర్థం లేని మాటలు, తెలియని లిపిలాంటి గుర్తులు, ముక్కూమొహం తెలియనివాళ్ల ఫొటోలు మనుషులకి చూపించాడు. కొన్ని ఒకటి రెండు సార్లు, కొన్ని చాలాసార్లు. ఎక్కువసార్లు కంటబడ్డవే జనానికి ఎక్కువ నచ్చాయి. వేరే కారణమేమీ లేదు, అలవాటు పడటమే కారణం. మనం వందసార్లు కూర్చున్న హోటల్ మనకి బావుండటంలో వంట వాటా ఎంతో, ఆ వందసార్ల వాటా ఎంతో విడదీసి చెప్పడం కష్టం. వచ్చేవాళ్లు ఒక్కసారే కూర్చుంటారు.

ఊరు తెలియనివాళ్లకి తినే చోటు చెప్పడం గురించి లోతుగా ఆలోచించినవాళ్లలో ఒక టైర్ల కంపెనీ ఉందంటే నమ్ముతారా? ఫ్రాన్స్‌లో ఆంద్రే, ఎడ్వార్ అనే అన్నదమ్ములు నడిపిన మిషెలిన్ కంపెనీ 1900లో ఒక చిన్న పుస్తకం అచ్చువేసి, కార్లున్నవాళ్లకి ఊరికే పంచిపెట్టింది. అప్పటికి ఆ దేశం మొత్తంమీద కార్లు మూడు వేలు కూడా లేవు. టైరు ఎలా మార్చుకోవాలి, పెట్రోలు ఎక్కడ దొరుకుతుంది, రాత్రికి ఎక్కడ పడుకోవచ్చు అనే వివరాలు అందులో ఉండేవి. లెక్క తేలిగ్గానే అర్థమవుతుంది. జనం ఎంత తిరిగితే టైర్లు అంత అరుగుతాయి. 1926లో మంచి భోజనం దొరికే చోట్లకి ఒక నక్షత్రం గుర్తు పెట్టడం మొదలుపెట్టారు. 1931లో అది ఒకటి, రెండు, మూడు నక్షత్రాలైంది. 1936లో వాటి అర్థం ఏమిటో అచ్చువేశారు.

నాకు నచ్చింది ఆ అర్థమే. ఒక నక్షత్రం అంటే ఆ తరహా హోటళ్లలో మంచిది. రెండు అంటే దారి మళ్లి వెళ్లినా ఫర్వాలేదు. మూడు అంటే అక్కడ తినడానికే పనిగట్టుకుని ప్రయాణం చేయొచ్చు. గమనించారా, రుచికి మార్కులు వేసి ఊరుకోలేదు. ప్రయాణికుడు ఎంత దూరం స్టీరింగ్ తిప్పాలో చెప్పారు. నక్షత్రాల చుట్టూ తర్వాత ఎంత హడావిడి పెరిగినా, ఆ కొలత మాత్రం మన ఇంటి ఫోన్ సంభాషణకి కూడా సరిగ్గా సరిపోతుంది. నేను స్నేహితుడికి చెప్పిన హోటల్ ఆ వీధిలో వేరే పనుంటే వెళ్లదగ్గది. అంతే. నేనేమో మూడు నక్షత్రాల గొంతుతో చెప్పాను.

అందుకని ఇప్పుడు నేను పేరు చెప్పే ముందు ఎదురు ప్రశ్నలు వేస్తాను. ఎవరెవరు వస్తున్నారు? ఆ పూట ఎక్కడుంటారు? చేతిలో ఎంతసేపుంది? పెట్టెలు మీతోనే ఉంటాయా? ఈ చివరి ప్రశ్నకి చాలామంది నవ్వుతారు. రెండు పెద్ద పెట్టెలతో ఇరుకు హోటల్లోకి దూరి, వచ్చే పోయే ప్రతి మనిషికీ కాళ్లు ముడుచుకుని తిన్నవాళ్లు మాత్రం నవ్వరు. డబ్బు సంగతి అడగడం కాస్త ఇబ్బందే. "ఎంతలో చూసుకోమంటారు?" అని నేరుగా అడిగితే తక్కువ చెప్పడానికి మొహమాటపడతారు. అందుకే "సాదాసీదాగా తినేద్దామనా, తీరిగ్గా కూర్చుందామనా?" అంటాను. దాంతో తేలిపోతుంది.

అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇంకోటుంది. "మీకేం ఇష్టం?" అని అడుగుతాం కదా, దానికంటే ముందు "మీకేం పడదు?" అని అడగాలి. ఇష్టం తప్పితే ఒక పూట చప్పగా గడుస్తుంది. పడనిది తింటే ప్రయాణమే పాడవుతుంది. కొందరికి వేరుశనగ ముక్క తగిలినా ఊపిరాడని పరిస్థితి వస్తుంది. యూరప్ దేశాల్లో 14 రకాల అలర్జీ పదార్థాల గురించి తినేవాళ్లకి చెప్పి తీరాలని చట్టమే ఉంది. 2014 డిసెంబర్ నుంచి అది ప్యాకెట్‌లో కాకుండా విడిగా వడ్డించే హోటళ్లకీ వర్తిస్తోంది. చట్టం ఉన్నా లేకపోయినా, ఆ హోటల్లో అడిగితే సరైన జవాబు చెప్పే మనిషి ఉంటాడా లేడా అన్నది ఊళ్లో ఉండే మనకే తెలుస్తుంది. నమ్మకం వల్లో, ఆరోగ్యం వల్లో కొన్ని ముట్టనివాళ్ల విషయంలోనూ అంతే. "అక్కడ మీకు కావలసినవి కూడా ఉంటాయి" అంటే సరిపోదు. ఒకే వంటగదా, ఒకే గరిటెలా అనేది వాళ్లకి పెద్ద విషయం.

కడుపు సంగతి వచ్చింది కాబట్టి ఇంకో మాట. మన కడుపుకి మన ఊరి నీళ్లు అలవాటు. ఏళ్ల తరబడి తింటున్నా మనకేం కాని చోట, కొత్తగా వచ్చినవాళ్లు ఒక్క పూటకే మంచానపడొచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే జాగ్రత్తలు తేలిగ్గానే ఉంటాయి. వండినది గది వేడిలో 2 గంటలకి మించి ఉండకూడదు. వడ్డించేదాకా 60 డిగ్రీల పైన వేడిగానైనా ఉండాలి, 5 డిగ్రీల లోపు చల్లగానైనా ఉండాలి. మనం థర్మామీటర్ పట్టుకుని వెళ్లం. కానీ ఏ హోటల్లో ఏ వేళకి వేడివేడిగా దిగుతుందో, ఏ వేళకి పొద్దుటి మిగులు వస్తుందో మనకి తెలుసు. కాబట్టి పేరుతోపాటు వేళ కూడా చెప్పాలి. మధ్యాహ్నం ఒంటిగంటకి అద్భుతంగా ఉండి, నాలుగింటికి నీరసంగా ఉండే హోటళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటాయి.

"ఇప్పుడు ఇవన్నీ ఎందుకండీ, ఫోన్లో నక్షత్రాలు చూసుకుంటారు కదా" అనొచ్చు మీరు. చూసుకుంటారు, చూసుకోవాలి కూడా. ఎన్ని గంటలకి తెరుస్తారు, ఎక్కడుంది అనే విషయాల్లో ఫోన్ నాకంటే నయం. రేటింగ్‌లకి బలం కూడా ఉంది. హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌కి చెందిన మైఖేల్ లూకా 2011లో ప్రచురించిన పరిశోధనలో సియాటిల్ నగరంలోని హోటళ్ల రాబడిని, యెల్ప్ అనే వెబ్‌సైట్‌లో వాటి రేటింగ్‌ని పక్కపక్కన పెట్టి చూశాడు. ఒక నక్షత్రం పెరిగితే రాబడి 5 నుంచి 9 శాతం పెరిగింది. అదీ సొంతంగా నడిపే చిన్న హోటళ్లకే. చైన్ హోటళ్ల మీద ఆ ప్రభావం కనబడలేదు.

ఇంత డబ్బు ముడిపడి ఉన్నచోట దొంగ నక్షత్రాలు పుట్టకుండా ఉంటాయా? లండన్‌లో ఊబా బట్లర్ అనే కుర్రాడు తన పెరట్లోని షెడ్డుని హోటల్ అని చెప్పి ట్రిప్ అడ్వైజర్ అనే రేటింగ్‌ల వెబ్‌సైట్‌లో నమోదు చేశాడు. వంటకాల ఫొటోలంటూ షేవింగ్ క్రీమ్ నురుగుతో తయారుచేసినవి కూడా పెట్టాడు. స్నేహితులతో పొగడ్తలు రాయించాడు. ఫోన్ చేసినవాళ్లందరికీ ఖాళీ లేదని చెప్పాడు. ఖాళీ లేదనేసరికి జనం ఇంకా ఎగబడ్డారు. 2017 నవంబర్‌లో ఆ లేని హోటల్ లండన్ మొత్తానికీ మొదటి స్థానంలో నిలబడింది. ఇది విన్నప్పుడల్లా నవ్వొస్తుంది, కాస్త భయం కూడా వేస్తుంది.

ఊరి మనిషి మాటకీ ఫోన్లో నక్షత్రానికీ తేడా ఎక్కడుందంటే, ఊరి మనిషి మళ్లీ మొహం చూపించాలి. నక్షత్రం వేసిన మనిషిని మీరు పట్టుకోలేరు. నన్ను పట్టుకుంటారు. నా స్నేహితుడు ఇప్పటికీ పట్టుకుంటాడు, ఆ మెట్ల గురించి.

ఇక ఎన్ని పేర్లు చెప్పాలి? కొంతమంది ఉత్సాహంకొద్దీ పదిహేను పేర్లు మెసేజ్ పెడతారు. దానివల్ల ఉపకారం తక్కువ. 2000 సంవత్సరంలో షీనా అయ్యంగార్, మార్క్ లెప్పర్ అనే పరిశోధకులు ప్రచురించిన ఒక ప్రయోగం ఉంది. కాలిఫోర్నియాలో ఒక కిరాణా దుకాణంలో ఒకసారి 24 రకాల జామ్‌లు, ఇంకోసారి 6 రకాలు రుచి చూడటానికి పెట్టారు. 24 ఉన్నప్పుడు ఎక్కువమంది ఆగారు, కానీ ఆగినవాళ్లలో కొన్నది 3 శాతం. 6 ఉన్నప్పుడు 30 శాతం కొన్నారు. తర్వాత చేసిన ప్రయోగాల్లో అన్నిసార్లూ ఇదే తేడా రాలేదు. అయినా అలసిపోయి రైలు దిగిన మనిషికి పదిహేను పేర్లు అక్కర్లేదని చెప్పడానికి ప్రయోగం కూడా ఎందుకు? రెండు చాలు. ఒకటి మీకు నచ్చింది. రెండోది, అది మూసి ఉంటే వెళ్లడానికి.

ఆ రెంటి గురించి మాత్రం వివరంగా చెప్పండి. "అక్కడ అన్నీ బావుంటాయి" అన్న మాట ఎవరికీ పనికిరాదు. అన్నీ బావుండే హోటల్ ఎక్కడా లేదు. ఏది తెప్పించుకోవాలో, ఏది వద్దో చెప్పాలి. కార్డు తీసుకుంటారా, నోట్లే ఇవ్వాలా చెప్పాలి. లోపం ఒకటైనా చెప్పాలి. "ఫ్యాన్ గాలి సరిగా రాదు, వడ్డించేవాడు విసుక్కుంటాడు, కానీ వంట బావుంటుంది" అంటే వినేవాళ్లకి నమ్మకం కుదురుతుంది. వాడు విసుక్కున్నప్పుడు కోపం రాదు, "ఆ, చెప్పాడుగా" అని నవ్వుకుంటారు. మీరు అక్కడ చివరిసారి ఎప్పుడు తిన్నారో కూడా చెప్పండి. ఏడాది దాటితే ముందు వాళ్లకి ఒక ఫోన్ కొట్టండి, హోటల్ ఉందో లేదో తెలుస్తుంది.

ప్రయాణికుడి వైపు నుంచి కూడా ఒక కిటుకు ఉంది. కొత్త ఊళ్లో "ఇక్కడ మంచి హోటల్ ఏది?" అని అడిగితే పెద్దదాని పేరో, కమిషన్ ముట్టేదాని పేరో చెప్తారు. "సెలవురోజు మీ ఇంట్లోవాళ్లతో మీరెక్కడికి వెళ్తారు?" అని అడగండి. జవాబు మారిపోతుంది.

ఒక విషయం మాత్రం నాకిప్పటికీ తేలలేదు. ఆరు బల్లలుండే చిన్న హోటల్, మనకి ప్రాణం. దాని పేరు బయటికి చెప్పాలా వద్దా? చెప్తే జనం పెరుగుతారు, మనకే చోటు దొరకదు. చెప్పకపోతే ఒకరోజు తాళం పడుతుంది. నేను మధ్యేమార్గంగా ఒక్కో మనిషికి విడిగా చెప్తున్నాను, పదిమందిలో చెప్పను. రేడియోలో అసలే చెప్పను.

ఆ స్నేహితుడు కిందటేడు మళ్లీ వాళ్లమ్మగారితో వచ్చాడు. ఈసారి ప్రశ్నలన్నీ అడిగాను. స్టేషన్‌కి దగ్గరగా, నేల మీదే ఉండే హోటల్ ఒకటి చెప్పాను. వెడల్పు కుర్చీలు, శుభ్రమైన బాత్రూమ్, గొంతెత్తకుండా మాట్లాడుకోవచ్చు. పదకొండున్నరకల్లా వెళ్లమన్నాను. మధ్యాహ్నం ఫోన్ చేస్తే వాళ్లమ్మగారే తీశారు. "ఇంకొంచెం వడ్డించుకున్నాను బాబూ" అన్నారు. నాకా హోటల్ పెద్దగా నచ్చదు, ఎప్పుడో గానీ వెళ్లను. ఆవిడతో ఆ సంగతి అనలేదు.

సెలవు.