వేలంలో రెండో మనిషి

అందరికీ నమస్కారం.

వేలం పాటలో వస్తువు దక్కేది ఎక్కువ పాడినవాడికే. కానీ ధర తేల్చేది అతను కాదు, చివరిదాకా పోటీపడి ఓడిపోయినవాడు. ఈబే అనే ఆన్‌లైన్ వేలం సైట్‌లో మీరు గరిష్ఠంగా 1000 అని పెట్టుకున్నా, ఎదుటివాడు 300 దగ్గర ఆగిపోతే మీకది 300 చిల్లరకే వచ్చేస్తుంది. అమ్మేవాడి టెన్షన్ అంతా ఈ రెండో మనిషి గురించే. పెద్ద మార్కెట్‌లో అతను ఎలాగూ వస్తాడు. చిన్న మార్కెట్‌లో వస్తాడో రాడో తెలీదు.

చిన్న లెక్క చూద్దాం. కొనేవాళ్లు ఒక వస్తువుకి 0 నుంచి 100 లోపు ఎంతైనా, అన్నిటికీ సమాన అవకాశంతో, విలువ కట్టొచ్చు అనుకోండి. ఇద్దరు వస్తే సగటున 33 పలుకుతుంది. ముగ్గురైతే 50. తొమ్మిది మందికి 80, పందొమ్మిది మందికి 90. అంటే మూడోవాడు ఒక్కడు వచ్చినందుకు 17 పెరిగింది. తొమ్మిది మందికి ఇంకో పది మంది తోడైతే పెరిగింది 10 మాత్రమే. జెరెమీ బులో, పాల్ క్లెంపరర్ అనే ఆర్థికవేత్తలు 1996లో నిరూపించింది కూడా ఇలాంటిదే. కొన్ని షరతులకు లోబడి, కనీస ధర ఎంత తెలివిగా పెట్టినా వచ్చే లాభం, ఒక్క పాటదారు అదనంగా వస్తే కలిగే లాభాన్ని మించదు.

బాగానే ఉంది, ఆ ఒక్కడు దొరకకపోతే? పెద్ద సైట్‌లో చూసి నేర్చుకున్న కిటుకుని నేనోసారి చిన్న సైట్‌లో ప్రయోగించాను. పాత కెమెరా లెన్స్‌కి మొదటి ధర 1 అని పెట్టాను. వచ్చింది ఒక్కడే. ఒకటికే ఇచ్చేశాను. పార్సిల్ కట్టడానికే అంతకన్నా ఎక్కువైంది! జనం తక్కువున్న చోట మొదటి ధరే చివరి ధర కావచ్చు, కాబట్టి ఇచ్చాక బాధపడని ధరతోనే మొదలుపెట్టాలి.

పెద్ద మార్కెట్ అంటే అమ్మేవాళ్లూ ఎక్కువే. మీ ఫోన్‌లాంటి ఫోన్ల వేలాలే ఇరవై అదే సాయంత్రం ముగుస్తుంటే కొనేవాళ్లు చెదిరిపోతారు. చూడాల్సింది సైట్‌లో ఎంతమంది ఉన్నారని కాదు, మీ వస్తువుకి ఎంతమంది ఉన్నారని. అరుదైన తపాలా బిళ్లకి ప్రపంచమంతా కావాలి. సోఫాకి, వచ్చి మోసుకెళ్లగలిగే దూరంలో ఇద్దరుంటే చాలు.

జనం ఎక్కడ పోగైతే బలం అక్కడే. జపాన్‌లో యాహూ వేలం 1999లో మొదలైంది. కొన్ని నెలలు ఆలస్యంగా, పైగా రుసుముతో వచ్చిన ఈబే 2002లో మూటాముల్లె సర్దుకుంది. 50 లక్షల పైచిలుకు జనాభా ఉన్న న్యూజిలాండ్‌లో మాత్రం సామ్ మోర్గన్ 1999లో పెట్టిన ట్రేడ్ మీ అనే వేలం సైట్ నిలదొక్కుకుంది. 2006లో దాన్ని 70 కోట్ల న్యూజిలాండ్ డాలర్లకు అమ్మారు.

ట్రేడ్ మీలో నాకు నచ్చిన నియమం ఒకటుంది. ఈబేలో గడియారం ఆగితే పాట ఆగినట్టే, అందుకే చాలామంది ఆఖరి క్షణం దాకా నోరు మెదపరు. ట్రేడ్ మీలో చివరి రెండు నిమిషాల్లో ఎవరైనా పాడితే గడువు మరో రెండు నిమిషాలు పెరుగుతుంది. మన వేలంలో ‘ఒకటోసారి, రెండోసారి’ అని సాగదీస్తారే, అలాగన్నమాట. రెండో మనిషి మనసు మార్చుకోవడానికి ఆ కాస్త సమయం చాలు.