ఊరు కాని ఊళ్ళో క్యాన్సర్ చికిత్స: పేషెంట్ పక్కన ఉండే మనిషికి తెలియాల్సినవి

నమస్తే అండీ. ఈ వీడియో పేషెంట్ పక్కన ఫైలు ఒళ్ళో పెట్టుకుని కూర్చునే మనిషి కోసం చేస్తున్నాను. భర్తకో భార్యకో క్యాన్సర్ అని తేలింది, వైద్యం ఇంకో ఊళ్ళో చేయించాలన్నారు, ఇంటికి తాళం వేసి బ్యాగులు సర్దుకుని వచ్చేశారు, ఇప్పుడు తెలిసిన ముఖం ఒక్కటీ లేని చోట ఒక గదిలో ఉన్నారు. హాస్పిటల్లో ఉన్నంతసేపు ఏదడిగినా చెప్పడానికి ఎవరో ఒకరు ఉంటారు. గదికి తిరిగొచ్చాక, రాత్రి పదకొండింటికి ఆయన లేచి కూర్చుని "ఎలాగో ఉంది" అంటే ఏం చేయాలో మనకి ఎవరూ నేర్పరు. మా ఆయనకి కీమో జరిగినన్నాళ్ళూ నేను అలాంటి గదిలోనే ఉన్నాను. అక్కడ నర్సుల్ని అడిగి అడిగి తెలుసుకున్నవే ఇప్పుడు చెప్తాను.

నేను డాక్టర్ని కాదు. క్యాన్సర్‌ని బట్టి, మందుని బట్టి చాలా మారిపోతాయి కాబట్టి నేను చెప్పేదానికీ మీ డాక్టర్ చెప్పినదానికీ తేడా వస్తే డాక్టర్ మాటే వినండి.

[తెర మీద: 21 గడుల క్యాలెండర్. మొదటి గడిలో సెలైన్ బొమ్మ, 7 నుంచి 14 వరకు గడులకు ఎరుపు రంగు]

అన్నిటికంటే ముందు ఈ క్యాలెండర్ సంగతి చూడండి. కీమో చాలావరకు సైకిల్స్‌లో ఇస్తారు, అంటే ఒకసారి మందు ఇచ్చి, కొన్నాళ్ళు ఆగి మళ్ళీ ఇస్తారు. కొన్ని వారం వారం, కొన్ని రెండు వారాలకోసారి, చాలావాటికి మూడు వారాలు, అంటే 21 రోజులు. మందు ఎక్కించిన రోజు మనిషి బాగానే కనిపించొచ్చు, ఎందుకంటే వాంతులు రాకుండా ముందే ఇంజెక్షన్ ఇస్తారు, తరచుగా దానితోపాటు స్టెరాయిడ్ కూడా ఇస్తారు. అది చూసి "హమ్మయ్య, ఏం కాలేదు" అనుకుంటాం. కొన్ని మందులకి అసలు వికారం రెండో రోజు, మూడో రోజు ముదురుతుంది. తర్వాత కౌంట్స్, అంటే రక్తంలో కణాల సంఖ్య, పడిపోతాయి. చాలా మందులకి తెల్ల రక్తకణాలు బాగా తగ్గేది 7వ రోజు నుంచి 14వ రోజు మధ్యలో. మూడో వారానికి కొంచెం కోలుకుంటారు, ముఖంలో కళ వస్తుంది, సరిగ్గా అప్పుడే మళ్ళీ తర్వాతి డోస్ తేదీ వచ్చేస్తుంది.

ఈ లెక్క మీ మందుకి ఎలా ఉంటుందో మొదటి సైకిల్‌కి ముందే అడగండి. "ఏ రోజుల్లో వికారం ఎక్కువ, ఏ రోజుల్లో కౌంట్స్ పడిపోతాయి, ఏ రోజుల్లో కాస్త తేరుకుంటారు" అని ఇలాగే అడిగితే నర్సులు చక్కగా చెప్తారు. నా మట్టుకు ఊరు కాని ఊళ్ళో ఉన్నవాళ్ళకి దీనికి మించిన సాయం లేదు. చుట్టాలు చూడ్డానికి వస్తామంటే మూడో వారంలో రమ్మంటారు. బ్యాంకు పని, కాగితాల పని అప్పుడే పెట్టుకుంటారు. కౌంట్స్ పడిపోయే వారంలో జనంలోకి వెళ్ళరు, జలుబు చేసినవాళ్ళని గదిలోకి రానివ్వరు. ఇంకోటి, మీ నిద్ర కూడా ఆ మంచి రోజుల్లోనే కాస్త కూడబెట్టుకోవాలి. అది చాలామంది చేయరు. మనిషి బాగున్న రోజే కదా అని గదంతా కడిగి, బట్టలన్నీ ఉతికి, ఉన్న పనులన్నీ ఆ రోజే నెత్తిన వేసుకుంటారు.

ఇక జ్వరం. ఇది నిదానంగా వినండి.

[తెర మీద: థర్మామీటర్. 38 డిగ్రీల సెల్సియస్ = 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్]

కీమో నడుస్తున్న మనిషికి 100.4 ఫారెన్‌హీట్, అంటే 38 సెల్సియస్ దాటిందంటే అది ఎమర్జెన్సీ. మామూలు రోజుల్లో ఈ మాత్రం జ్వరానికి ఒక మాత్ర వేసుకుని పడుకుంటాం. ఇక్కడ అలా కుదరదు. ఇన్ఫెక్షన్‌తో పోరాడే న్యూట్రోఫిల్స్ అనే కణాలు ఆ సమయంలో చాలా తక్కువగా ఉంటాయి, అందుకే చీము, వాపు లాంటి గుర్తులు పైకి కనపడకపోవచ్చు. కొన్నిసార్లు జ్వరం ఒక్కటే కనిపించే గుర్తు. గంటల్లో పరిస్థితి చేయి దాటిపోవచ్చు. అలాంటి పేషెంట్ వచ్చిన గంటలోపు యాంటీబయాటిక్ మొదలవ్వాలని వైద్య మార్గదర్శకాలు చెప్తాయి. కాబట్టి తెల్లారాక చూద్దాంలే అనుకోవద్దు. డాక్టర్‌ని అడక్కుండా జ్వరం మాత్ర వేయొద్దు, వేస్తే జ్వరం దిగినట్టు కనపడుతుంది గానీ లోపల ఇన్ఫెక్షన్ అలాగే ఉంటుంది.

ఒక రాత్రి మా ఆయన చేయి తగిలితే వెచ్చగా అనిపించింది. "దుప్పటి కప్పుకున్నాను కదా, అందుకే. నువ్వు పడుకో" అన్నారు. మళ్ళీ హాస్పిటల్ అంటే ఆయనకి విసుగు, నాకూ ఒంట్లో ఓపిక లేదు. అయినా థర్మామీటర్ పెట్టాను, 100.6 ఉంది. తలుపు పక్కన ఒక సంచి ఎప్పుడూ సర్ది ఉండేది, అందులో ఫైలు, మందుల చీటీ, ఛార్జర్, ఒక జత బట్టలు, నీళ్ళ సీసా. అది భుజాన వేసుకుని బయటపడ్డాం. క్యాజువాలిటీలో నేను చెప్పిన మొదటి మాట, "కీమో అయి తొమ్మిదో రోజు, జ్వరం 100.6." మీరూ ఇలాగే చెప్పండి, ఎన్నో రోజు, ఎంత జ్వరం, ఏ మందు. ఆ డ్యూటీలో ఉన్న డాక్టర్ మిమ్మల్ని ఎప్పుడూ చూసి ఉండరు, కథంతా మొదటి నుంచి చెప్తూ కూర్చుంటే అసలు విషయం వెనకబడిపోతుంది.

అందుకే కొత్త ఊళ్ళో దిగిన మొదటి రోజే మూడు సంగతులు కనుక్కోండి. రాత్రి పూట ఏ నంబర్‌కి ఫోన్ చేయాలి, క్యాజువాలిటీ గేటు ఎటువైపు ఉంది, అర్ధరాత్రి బండి ఎక్కడ దొరుకుతుంది. గది తీసుకునేటప్పుడు కూడా అందం కంటే హాస్పిటల్‌కి ఎంత దగ్గర, ఎన్ని మెట్లు ఎక్కాలి, బాత్రూమ్ గదిలోనే ఉందా అన్నవి చూసుకోండి. నీరసంగా ఉన్న మనిషికి పది మెట్లు కూడా కొండే.

జ్వరం ఒక్కటే కాదు, వణుకు, ఆయాసం, ఆగని వాంతులు లేదా విరేచనాలు, ఎక్కడి నుంచైనా రక్తం, ఉన్నట్టుండి మాట తడబడటం, అయోమయం, వీటికీ వెంటనే ఫోన్ చేయాలి. ఫోన్ చేస్తే విసుక్కుంటారేమో అని మొహమాటపడొద్దు.

[తెర మీద: గీతలు గీసిన మామూలు నోట్‌బుక్ పేజీ]

నోట్‌బుక్ ఒకటి పెట్టుకోండి. ఫోన్లో రాసుకోవచ్చు గానీ, ఫోన్‌కి ఛార్జింగ్ అయిపోతుంది, పైగా రాత్రి మీరు నిద్రపోతున్నప్పుడు ఇంకొకరు చూడాలంటే పుస్తకమే సుఖం. రోజుకో పేజీ. ఏ మందు ఎన్నింటికి వేశారు, జ్వరం ఎంత, ఎన్నిసార్లు వాంతి, నీళ్ళు ఎంత తాగారు, విరేచనం అయిందా లేదా. ఈ ఆఖరిది రాయడానికి సిగ్గుపడతారు గానీ రాయండి. కొన్ని కీమో మందులు, కొన్ని వాంతుల మాత్రలు, నొప్పి మాత్రలు మలబద్ధకం తెస్తాయి, నాలుగు రోజులు గడిచాక గానీ ఎవరికీ గుర్తు రాదు. డాక్టర్ మనకిచ్చే సమయం చాలా తక్కువ, "ఎలా ఉన్నారు" అనగానే పేషెంట్ "బాగానే ఉన్నాను సార్" అనేస్తారు. మీ చేతిలో పేజీ ఉంటే "మూడో రోజు ఆరుసార్లు వాంతయింది" అని చెప్పగలరు, అప్పుడు డాక్టర్ వచ్చే సైకిల్‌కి మందు మార్చగలరు. వాంతుల మందు కూడా చెప్పిన టైముకి వేయాలి, వాంతయ్యాక వేద్దామని ఆగితే అది కడుపులో నిలవదు.

కొన్ని మార్పులు ముందే తెలిస్తే గుండె ఆగినంత పని అవదు. డాక్సోరుబిసిన్ అనే ఎర్రటి మందు ఎక్కిస్తే ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగా వస్తుంది, అది మందు రంగు, రక్తం కాదు. ఆక్సాలిప్లాటిన్ ఎక్కించాక చల్లటి వస్తువు పట్టుకుంటే వేళ్ళు జివ్వుమంటాయి, చల్లటి నీళ్ళు తాగితే గొంతు పట్టేసినట్టుంటుంది, అందుకని ఆ రోజుల్లో గోరువెచ్చని నీళ్ళే. కౌంట్స్ పెరగడానికి ఇంజెక్షన్ ఇస్తే ఎముకల్లో నొప్పి రావచ్చు. స్టెరాయిడ్ వేసుకున్న రోజుల్లో నిద్ర పట్టదు, చిన్న మాటకే కోపం వస్తుంది. మీరు ఎంత చేసినా అరుస్తున్నారంటే అది మాత్ర ప్రభావం కూడా కావచ్చు, ఆ మాత్ర ఉదయం పూట వేయొచ్చా అని డాక్టర్‌ని అడగండి. జుట్టు కూడా ఊడే మందైతే రెండు మూడు వారాల్లో దిండు మీద కనపడటం మొదలవుతుంది. ఆ దిండు గలీబు మీరు ముందే లేచి మార్చేస్తారా, ఆ మనిషినే చూడనిస్తారా అన్నది మీ ఇద్దరి మధ్య విషయం. మా ఆయన అయితే ఏదీ దాచొద్దన్నారు.

కీమో అయిన 48 గంటలు, కొన్ని చోట్ల ఇంకా ఎక్కువ చెప్తారు, వాంతి, మూత్రం, మలం శుభ్రం చేసేటప్పుడు గ్లవ్స్ వేసుకోండి. టాయిలెట్ మూత వేసి రెండుసార్లు ఫ్లష్ చేయాలి, తడిసిన బట్టలు విడిగా ఉతకాలి. గర్భంతో ఉన్నవాళ్ళు ఆ పని చేయకూడదు. ఇంత జాగ్రత్త చెప్పగానే కొంతమంది మనిషినే ముట్టుకోవడం మానేస్తారు. అది వద్దు. పక్కన కూర్చోవచ్చు, చేయి పట్టుకోవచ్చు, కౌగిలించుకోవచ్చు. బయటి మెషీన్ నుంచి ఇచ్చే రేడియేషన్ అయితే మనిషి ఒంట్లో రేడియేషన్ మిగలదు, పిల్లల్ని కూడా దగ్గరికి తీసుకోవచ్చు. దాంపత్య విషయాలు కూడా డాక్టర్‌ని సూటిగా అడగండి, కండోమ్ ఎన్ని రోజులు వాడాలి, గర్భం రాకుండా ఎంత కాలం జాగ్రత్త పడాలి అని. ఇవి వాళ్ళు రోజూ వినే ప్రశ్నలే.

తిండి దగ్గర ఎక్కువ గొడవలవుతాయి. మీరు కష్టపడి వండి తెస్తారు, ఒక ముద్ద తిని పక్కకి నెట్టేస్తారు. నోట్లో ఇనుము రుచి, వాసన పడకపోవడం, నోటిపూత, వీటితో తినలేకపోతున్నారే తప్ప మీ మీద కోపంతో కాదు. కంచం నిండా పెట్టకుండా రెండు గంటలకోసారి కొంచెం కొంచెం పెట్టండి. స్టీలు చెంచా బదులు ప్లాస్టిక్ చెంచా వాడితే కొందరికి ఇనుము రుచి తగ్గుతుంది. గోరువెచ్చని నీళ్ళలో కొంచెం వంటసోడా, ఉప్పు కలిపి పుక్కిలిస్తే నోటికి హాయిగా ఉంటుంది, బ్రష్ మెత్తటిది వాడాలి. ఎవరో పంపిన మూలికల పొడి, ఏదో కషాయం, డాక్టర్‌కి చూపించకుండా ఇవ్వొద్దు, కొన్ని కీమో మందుతో కలిసి లివర్‌ని దెబ్బతీస్తాయి.

రేడియేషన్‌కి వచ్చినవాళ్ళకి సైకిల్ లెక్క ఉండదు. సాధారణంగా వారానికి ఐదు రోజులు, కొన్ని వారాలు. రోజూ మెషీన్ కింద ఉండేది కొన్ని నిమిషాలే, వెళ్ళి రావడానికే పూటంతా పోతుంది. అలసట రోజురోజుకీ పేరుకుంటుంది, చర్మం కమలడం చికిత్స అయిపోయాక కూడా ఒకటి రెండు వారాలు ముదరొచ్చు. మెషీన్ గురి కోసం ఒంటి మీద గీసిన గుర్తులు చెరపకండి.

ఇప్పుడు ఫోన్ల సంగతి. సాయంత్రమయ్యేసరికి ఒకరి తర్వాత ఒకరు, అందరికీ అదే కథ, మొదటి నుంచి. వాళ్ళది ప్రేమే, కాదనను, కానీ పదోసారి చెప్పేటప్పటికి మన గొంతు పూడుకుపోతుంది, ఆ చిన్న గదిలో మంచం మీద ఉన్న మనిషి తన జబ్బు గురించి పదిసార్లు వింటారు. ఇంటి దగ్గర ఒకరికి ఆ పని అప్పగించండి, తోడబుట్టినవాళ్ళో స్నేహితులో. మీరు రోజుకి ఒక మెసేజ్ ఆ ఒక్కరికే పెట్టండి, మిగతా అందరికీ వాళ్ళు చెప్తారు. "ఏమైనా కావాలంటే చెప్పు" అన్నవాళ్ళకి నిజంగానే పని చెప్పండి, కరెంటు బిల్లు కట్టమనండి, పిల్లల్ని పరీక్షలకి చదివించమనండి, వచ్చి రెండు రాత్రులు ఆయన దగ్గర పడుకోమనండి.

పిల్లల్ని ఇంటి దగ్గర వదిలి వచ్చినవాళ్ళు రోజూ ఒకే టైముకి ఫోన్ చేస్తే మంచిది. నిజం వాళ్ళ వయసుకి తగ్గట్టు చెప్పండి, క్యాన్సర్ అన్న మాట కూడా. వాళ్ళు బయట ఎలాగూ వింటారు, మీ నోటి నుంచే వింటే మిమ్మల్ని నమ్ముతారు.

మీ సొంత మందులు ఉన్నాయి కదా, బీపీవో షుగర్‌వో, అవి కూడా అదే నోట్‌బుక్‌లో రాసుకుని వేసుకోండి. వారాల తరబడి నిద్ర లేకపోతే, ఏడుపు ఆగకపోతే, లేవాలనిపించకపోతే, "నాకు బాగాలేదు" అని అదే హాస్పిటల్లో చెప్పండి. చాలా క్యాన్సర్ ఆసుపత్రుల్లో కౌన్సిలర్లు, సోషల్ వర్కర్లు ఉంటారు, వాళ్ళు తోడుగా ఉన్నవాళ్ళతో కూడా మాట్లాడతారు. పాలియేటివ్ కేర్, అంటే బాధలు తగ్గించే వైద్యం, అనగానే ఇక ఆశ లేదని చాలామంది భయపడతారు. నొప్పి, వికారం, ఆందోళన తగ్గించడానికి చికిత్స మొదట్లోనే ఆ విభాగం వాళ్ళ సాయం అడగొచ్చు. హాస్పిటల్ వరండాలో మీలాగే కూర్చున్న ఇంకొకరితో పరిచయం చేసుకోండి. "నేను అరగంట పడుకుంటా, మీ పక్కన మావాళ్ళు కూర్చుంటారు, చూస్తుంటారా" అని నాకు తెలియని ఒకావిడ అడిగారు, తర్వాత మేమిద్దరం వంతులేసుకుని నిద్రపోయేవాళ్ళం.

[తెర మీద: ప్లాస్టిక్ ఫోల్డర్, అందులో కాగితాలు]

చికిత్స అయిపోయి ఇంటికి బయల్దేరే ముందు హాస్పిటల్ దగ్గర తీసుకోవాల్సినవి ఉన్నాయి. ఏ మందు ఎంత డోస్ ఎన్నిసార్లు ఇచ్చారో రాసిన సమ్మరీ, బయాప్సీ (గడ్డ నుంచి తీసిన ముక్క పరీక్ష) రిపోర్టు, స్కాన్ సీడీలు, మళ్ళీ ఎప్పుడు రావాలో తేదీలు. మందు ఎక్కించడానికి చర్మం కింద అమర్చే పోర్ట్ పెట్టి ఉంటే దాన్ని ఎన్ని వారాలకోసారి ఫ్లష్ చేయించాలి, అంటే మూసుకుపోకుండా మందు నీళ్ళతో కడిగించాలి, మీ ఊళ్ళో ఎవరు చేయగలరు అని అడగండి. మధ్యలో చేయించే రక్తపరీక్షలు ఇంటి దగ్గరే చేయించి రిపోర్టు పంపొచ్చా అని కూడా అడగండి, కుదిరితే ఒక ప్రయాణం తప్పుతుంది. ఆఖరి కీమో ఇంటికి బయల్దేరే రోజుకి దగ్గర్లో పడితే, కౌంట్స్ పడిపోయే రోజులు ఇంటి దగ్గరే వస్తాయని గుర్తుంచుకోండి. అప్పుడు జ్వరం వస్తే మీ ఊళ్ళో ఏ హాస్పిటల్‌కి వెళ్ళాలో, అక్కడి డాక్టర్ ఇక్కడ ఎవరితో మాట్లాడాలో రాయించుకుని, ఆ కాగితం ఫొటో తీసి ఇంట్లో అందరి ఫోన్లకీ పంపండి.