జారిపోయే మేజోళ్ల కథ

అందరికీ నమస్కారం.

వందేళ్ల కిందటి బ్రిటన్ పిల్లల చలికాలపు ఫొటోలు చూడండి. పైన దళసరి కోటు, మెడకు మఫ్లర్, తలకు టోపీ. కింద మోకాళ్లకు మాత్రం ఏమీ ఉండదు. మగపిల్లాడికి నిక్కరు, మోకాలి కిందిదాకా ఊలు సాక్స్, అంతే. ఇది లేమి వల్ల వచ్చింది కాదు, కలిగిన ఇళ్లలోనూ ఇదే వరస. పొడుగు ప్యాంటు వేశాడంటే పెద్దవాడైనట్టు లెక్క. ఆ హోదా రావాలంటే దాదాపు 12, 13 ఏళ్లు నిండాలి. పైగా రెండో ప్రపంచ యుద్ధంలో గుడ్డ కరువై బట్టలకు రేషన్ పెట్టినప్పుడు, 13 ఏళ్లలోపు మగపిల్లలకు నిక్కర్లే అని ప్రభుత్వమే తేల్చేసింది.

కాళ్లు పూర్తిగా కప్పాలంటే ఉన్న దారి పొడుగు మేజోళ్లు. ఆడపిల్లలే కాదు, జర్మనీ, రష్యాల్లో మగపిల్లలు కూడా నిక్కరు కింద అవే తొడిగేవారు. మేజోళ్లు అల్లే యంత్రాన్ని ఇంగ్లండులో విలియం లీ 1589లోనే తయారు చేశాడు. కానీ అల్లడం ఒక ఎత్తు, జారకుండా నిలబెట్టడం ఇంకో ఎత్తు. ఊలుకు సాగే గుణం కొంతే. నాలుగడుగులు పరిగెత్తితే మేజోడు మడమ దగ్గరికి చేరేది. తొడకు పట్టీ బిగిస్తే రక్తం ఆడదు, వదులు చేస్తే జారుతుంది. పిల్లల బట్టల చరిత్రలో అసలు టెన్షన్ ఇదేనని నా ఉద్దేశం.

దీనికి దొరికిన ఉపాయం, బరువును భుజాల మీదికి ఎక్కించడం. బ్రిటన్‌లో సిమింగ్టన్ కంపెనీ 1908లో లిబర్టీ బాడీస్ తెచ్చింది. నడుమును బిగించి పట్టే గట్టి లోదుస్తు కార్సెట్‌కు బదులు మెత్తటి అల్లిక గుడ్డతో చేసిన చేతుల్లేని బాడీ అది. నిలువునా నూలు టేపులు కుట్టి ఉంటాయి, మేజోళ్ల పట్టీలు తగిలించడానికి కింద గుండీలు. ఆ గుండీలు చాలావాటికి రబ్బరువి. చలికి మొద్దుబారిన చిట్టి వేళ్లతో వాటిని పెట్టుకోవడం ఎంత తంటాయో ఊహించుకోండి! ఇంత చేసినా మేజోడు అంచుకూ చెడ్డీకీ మధ్య తొడ కాస్త బయటే ఉండేది. గాలి సరిగ్గా అక్కడే కొట్టేది.

బయటికి వెళ్లేటప్పుడు మేజోళ్ల పైన తొడిగే గెయిటర్లు అనే కాలి తొడుగులు వేరే. పక్కన వరసగా గుండీలు, వాటిని లాగడానికి ఒక కొక్కెం. అమ్మలకు ఎంత ఓపికో.

ఈ జారిపోయే మేజోళ్ల తంటా తీర్చింది సాగే నైలాన్ నూలు. నైలాన్ మేజోళ్లు అమెరికా అంతటా అమ్మకానికి వచ్చింది 1940లో. 1959లో అక్కడి నార్త్ కరొలైనాలోని గ్లెన్ రావెన్ మిల్లు మేజోళ్లనూ చెడ్డీనీ ఒక్కటిగా కలిపిన పాంటీహోస్ అమ్మింది. అవి పెద్దవాళ్లవే. కానీ 1960లలో అలాగే నడుము నుంచి పాదాల దాకా ఒక్కటిగా ఉండే పిల్లల దళసరి టైట్స్ కూడా ఊపందుకున్నాయి. పట్టీలు, గుండీలు, బాడీ మెల్లగా అటకెక్కాయి.

ఇక్కడ దారులు రెండయ్యాయి. బ్రిటన్, అమెరికాల్లో టైట్స్ ఆడపిల్లల సొత్తయ్యాయి. సోవియట్ యూనియన్, తూర్పు జర్మనీ కిండర్‌గార్టెన్లలో మాత్రం మగపిల్లలు కూడా మోకాళ్ల దగ్గర ఉబ్బిన టైట్స్ మీదే నిక్కరు వేసుకుని తిరిగారు. అక్కడ దాన్ని ఎవరూ వింతగా చూడలేదు.